కంప్యూటరు కథకు శౌనకుడు



మన పురాణములన్నియు ఒక ప్రశ్నతో ఆరంభమగును. నైమిశారణ్యమున శౌనకాది మహామునులు అడుగకున్న సూతుడు నోరు విప్పడు. పరీక్షిన్మహారాజు అడుగకున్న శుకయోగి భాగవతము చెప్పడు. జనమేజయుడు అడుగకున్న వైశంపాయనుడు భారతము చెప్పడు. రాజరాజనరేంద్రుడు కోరినందువలననే గదా నన్నయభట్టారకుడు ఆ భారతమును తెనిగింప పూనుకొనెను! అయినను పురాణము విని యింటికి మరలునప్పుడు మనము మెచ్చుకొనునది చెప్పినవానినే కాని అడిగినవానిని గాదు. వినువారికి ఏ చోట సందేహము కలుగునో కనిపెట్టి, సరిగా ఆ చోటనే అడ్డుపడి, “అయ్యా, ఇది యెట్లు?” అని యడుగుట సామాన్యమైన విద్య కాదు. చెప్పువాడు తనకు తెలిసినదానిని తలచుకొనును. అడుగువాడు ఎదుటనున్న పదిమందికిని తెలియనిదానిని తలచుకొనవలెను.

అట్టి ప్రశ్నకర్త యొకని చరిత్రను నేడు మీకు విన్నవించుచున్నాను. ఆయన అమెరికా దేశస్థుడు. పేరు స్టూవర్ట్ షెఫే. సుమారు ఇరువది సంవత్సరములు, వారమునకు అరగంట చొప్పున, టెలివిజనులో కూర్చుండి, కంప్యూటరు అను క్రొత్త యంత్రమును గూర్చి తెలిసినవారిని అడిగి తెలియనివారికి వినిపించిన పెద్దమనిషి. ఆ కార్యక్రమమునకు ‘కంప్యూటర్ క్రానికల్సు’ అని పేరు. కంప్యూటరు వృత్తాంతములని మనము చెప్పుకొనవచ్చును.

“కాలు చాచుకొని కూర్చుండు ఈ వయస్సున మాకు కంప్యూటరు కథ యెందులకు?” అని మీలో కొందఱు అనవచ్చును. ఆ యంత్రమే నేడు చిక్కి చిన్నదై సెల్ఫోను రూపమున మన అంగీ జేబులో కూర్చున్నది. మన పొలము లెక్క దానిలో ఉన్నది. మన బ్యాంకు ఖాతా దానిలో ఉన్నది. పింఛను కావలెనన్నను, బియ్యము కావలెనన్నను దాని యెదుట వ్రేలు మోపవలసి వచ్చుచున్నది. నూఱు పద్యములు కంఠస్థముగా గల పెద్దలు సైతము దాని ముందఱ నోరు మెదపక నిలుచుచున్నారు. కావున దానిని గూర్చి అడుగుటయే వృత్తిగా పెట్టుకొన్నవాని కథ మనకు పనికిమాలినది కాదు.

షెఫే 1938వ సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. 1960లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమునందును మనస్తత్వశాస్త్రమునందును పట్టము పొందెను. పిమ్మట హార్వర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివెను. 1967 ప్రాంతమున ఫ్రాన్సు రాజధానియగు పారిస్ నగరమున సీబీయస్ అను సంస్థ యొక్క వార్తాశాఖలో పనిచేసెను. ఈ చదువుల వరుసను చూడుడు. గణితము లెక్క తప్పకుండుటను నేర్పును. మనస్తత్వశాస్త్రము ఎదుటివాని మనస్సును గుర్తింప నేర్పును. న్యాయశాస్త్రము మాటకు మాట బదులుగా రాకుండ, అడిగినదానికి సమాధానము రాబట్టుట నేర్పును. ప్రశ్నకర్తకు ఇంతకంటె తగిన సామగ్రి యేమి కావలెను?

మఱియొక సంగతి. ఆయన కంప్యూటరును కనిపెట్టినవాడు కాడు. దానిని తయారుచేసి అమ్మినవాడును కాడు. ఎఱిగినవారికిని ఎఱుగనివారికిని నడుమ పీట వేసికొని కూర్చున్నవాడు. వీధిబడి పంతులు చేసిన పనియు అంతియే గదా! పాణిని సూత్రములను పంతులు రచింపలేదు. అవి పిల్లవాని చెవికెక్కునట్లు చేసినాడు.

ఇక యంత్రము సంగతి. మొదట కంప్యూటరనగా గది నిండ పరచుకొని యుండు మహాయంత్రము. ప్రభుత్వములకును, పెద్ద బ్యాంకులకును, విశ్వవిద్యాలయములకును దక్క అన్యులకు అది అందునది కాదు. 1975వ సంవత్సరారంభమున ఆల్టెయిరు 8800 అను చిన్న యంత్రము అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. దానికి తెర లేదు. అక్షరముల మీటలు లేవు. ముందు పలకపై వరుసగా స్విచ్చులును, చిన్న చిన్న దీపములును మాత్రము ఉండెను. తఱచుగా కొనినవాడే విడిభాగములను తెచ్చుకొని, తానే అతికించుకొనెడివాడు. అయినను, ఒక సామాన్య గృహస్థుడు తన యింటిలో పెట్టుకొనదగిన కంప్యూటరది. 1977లో ఆపిల్ కంపెనీవారి రెండవ యంత్రము 1,298 డాలర్ల వెలకు వచ్చెను. 1981 ఆగస్టు నెలలో ఐబీయమ్ అను మహాసంస్థ తన సొంత చిన్న యంత్రమును విడుదల చేసెను. దాని కనిష్ఠపు వెల 1,565 డాలర్లు. అందులోని జ్ఞాపకపు చోటు 16 కిలోబైట్లు, అనగా 16,384 ఇంగ్లీషు అక్షరములు పట్టునంత. అచ్చుపుస్తకమున ఏ ఎనిమిది పుటలకో సరిపోవును.

ఇంత వెల పెట్టి, ఇంత చిన్న చోటు గల పెట్టెను కొని యేమి చేయవలెను? ఈ ప్రశ్న ఆనాడు ప్రతి యింటను పుట్టినది. అమ్మువారు చెప్పు సమాధానము అమ్ముకొనుటకే. కనిపెట్టినవారు చెప్పు సమాధానము తమలో తమకు తెలియు పరిభాషలో ఉండెను. ఇంటి యజమాని తరపున నిలిచి అడుగువాడొకడు కావలసి యుండెను.

కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణముగా శాన్ మటేయో అను ఊరున్నది. అచటి కళాశాలకు కేసీయస్సెమ్ అను పేరుతో సొంత టెలివిజను కేంద్రముండెను. షెఫే దానికి నిర్వాహకుడు. ఆ చుట్టుపట్ల ప్రదేశమే లోకము సిలికాన్ లోయ అని పిలుచునది. క్రొత్త యంత్రములు పుట్టిన పురిటిల్లు. వక్తలందఱును గంట ప్రయాణము దూరములో ఉన్నారు. 1981లో షెఫే ఈ వృత్తాంతముల కార్యక్రమమును ఆ ప్రాంతమువారికి మాత్రము అందునట్లుగా ఆరంభించెను. మొదట దానిని నడిపినవాడు జిమ్ వారెన్. 1977లో పశ్చిమతీరపు కంప్యూటరు సంతను స్థాపించిన ఉత్సాహవంతుడు. 1983 మొదలుకొని ఈ కార్యక్రమము అమెరికా దేశమంతట ప్రసారమయ్యెను. అప్పటినుండి షెఫే స్వయముగా ప్రశ్నకర్త పీఠమున కూర్చుండెను.

దానిని దేశమంతట ప్రసారము చేసినది పీబీయస్ అను ప్రజాప్రసార సంస్థ. 1967లో అమెరికా శాసనసభ ప్రజాప్రసారముల కొఱకు ఒక చట్టము చేసెను. 1969లో పీబీయస్ ఏర్పడెను. ఇది వ్యాపార టెలివిజను వంటిది కాదు. చూచువారి చందాలు, ధర్మసంస్థల విరాళములు, ప్రభుత్వము చిరకాలము ఇచ్చుచు వచ్చిన కొంత ధనము, ఇవి దానికి ఆధారములు. ఆ ప్రభుత్వ ధనమును 2025లో శాసనసభ ఉపసంహరించినది. మన పెద్దలు ఇంటింటికిని తిరిగి, పుస్తకమో అర్ధరూపాయో అడిగి తెచ్చి, ఊర గ్రంథాలయము నిలిపిన రీతిని తలచుకొన్నచో ఈ సంస్థ తత్త్వము మనకు బోధపడును. కొనువాని కొఱకు కాక తెలిసికొనగోరువాని కొఱకు నడచునది కనుకనే, ఒక యంత్రమును గూర్చి అరగంటసేపు నిదానముగా మాటలాడుటకు అచట చోటు దొరకెను.

షెఫేకు తోడుగా 1983 మొదలు 1990 వఱకు కూర్చున్నవాడు గ్యారీ కిల్డాల్. ఈయన కథ చెప్పక నా ప్రసంగము పూర్తి కాదు. కిల్డాల్ 1942లో సియాటిల్ నగరమున పుట్టెను. నావికావిద్య నేర్పు బడి నడిపిన కుటుంబము వారిది. తానును మాంటరే పట్టణమునందలి నౌకాదళ విద్యాలయమున కంప్యూటరు శాస్త్రము బోధించెను. 1974లో ఆయన సీపీయమ్ అను ఒక కార్యనిర్వాహక వ్యవస్థను రచించెను. అది యేమనగా: కంప్యూటరులో వ్రాతలు దాచుకొనుటకు పళ్లెములవంటి డిస్కులుండును. ఏ వ్రాత ఏ డిస్కుపై ఏ మూల నున్నదో ప్రతి ప్రోగ్రామును స్వయముగా వెదకుకొనుట కష్టము. ధాన్యపు కొట్టు కాపరివలె ఒకడుండి, అడిగినది తీసి యిచ్చుచు, ఇచ్చినది సర్ది పెట్టుచు ఉండవలెను. ఆ కాపరియే కార్యనిర్వాహక వ్యవస్థ.

కిల్డాల్ చేసిన విశేషమొకటి కలదు. యంత్రమును బట్టి మాఱు భాగమును ఆయన వేఱు చేసి పెట్టెను. క్రొత్త యంత్రము వచ్చినప్పుడు ఆ చిన్న భాగమును మార్చిన చాలును; తక్కినదంతయు అట్లే పనిచేయును. నేలను బట్టి కఱ్ఱు మార్చుకొందుము గాని నాగలినంతయు క్రొత్తగా చెక్కింపము గదా! ఈ యుపాయము వలన వేఱువేఱు కంపెనీల యంత్రములపై ఒకే ప్రోగ్రాము నడచుట సాధ్యమయ్యెను.

1980లో ఐబీయమ్ వారు తమ క్రొత్త యంత్రమునకు ఇట్టి వ్యవస్థ కావలెనని కిల్డాల్ కంపెనీతో సంప్రదించిరి. బేరము కుదురలేదు. మైక్రోసాఫ్ట్ కంపెనీవారు సియాటిల్ లోని మఱియొక చిన్న కంపెనీ వద్ద, సీపీయమ్ పోలికతో కట్టిన వ్యవస్థ నొకదానిని కొని, ఐబీయమ్ వారికి సమకూర్చిరి. తరువాత ఐబీయమ్ వారు కిల్డాల్ వ్యవస్థను కూడ అమ్మకమునకు పెట్టిరి గాని, దాని వెల 240 డాలర్లు. రెండవదాని వెల 40 డాలర్లు. సంతలో రెండు బుట్టలు ప్రక్కప్రక్కన పెట్టి, ఒకదానికి ఆఱురెట్లు ధర చెప్పినచో ఫలితమేమగునో మీకు చెప్పనక్కఱలేదు. లోకములోని గొప్ప ధనరాశులలో ఒకటి కిల్డాల్ వాకిటి వఱకు వచ్చి ప్రక్కయింటికి పోయినట్లయ్యెను.

ఇంతటి ఆశాభంగమును అనుభవించినవాడు, అటుపిమ్మట ఏడేండ్లు షెఫే ప్రక్కను కూర్చుండి, పరుల యంత్రములను పరుల ప్రోగ్రాములను ఓర్పుతో పరిశీలించెను. కంపెనీ యజమాని యైయుండియు, తెఱచిన పుస్తకమువలె కూర్చుండి, చూచువారికి బోధపడవలసిన ప్రశ్నలను వేసెను. ఇరువురిలో ఒకడు శాస్త్రమెఱిగి అడుగును. ఒకడు శాస్త్రమెఱుగనివాని పక్షమున అడుగును. ఈ జోడు వలన అరగంట సమయము గంట చదువంత ఫలితమిచ్చెడిది. కిల్డాల్ 1994 జూలై 11వ తేదీన తన 52వ యేట మరణించెను. మఱుసటి సంవత్సరము షెఫే ఒక కార్యక్రమమును సంపూర్ణముగా ఆయన జీవితమునకే వినియోగించెను. లోకము గెలిచినవాని పేరు పలుకుచుండగా, నాగలి చేసినవాని పేరు చెప్పి పెట్టినవాడు ఈ ప్రశ్నకర్త.

కార్యక్రమము నడచు తీరు సాదా. మొదట ఆతిథేయులిరువురును ఆనాటి విషయమును ప్రస్తావింతురు. తరువాత అతిథులు వత్తురు: యంత్రము చేసినవారు, ప్రోగ్రాము వ్రాసినవారు, ఆచార్యులు, వాడుకదారులు. వచ్చినవారు ఉత్త మాటలు చెప్పి పోరాదు. బల్లపై యంత్రమును పెట్టి చేసి చూపవలెను. చివర క్రొత్త ప్రోగ్రాముల గుణదోష విమర్శయు, ఆ వారపు వార్తలును ఉండును. మాట విన్న పిమ్మట చేత చూచుట, చేత చూచిన పిమ్మట విమర్శ వినుట, ఇది శ్రవణ మనన క్రమమే.

ఒక దృష్టాంతము చూడుడు. ఆ కాలమున ఒక కంప్యూటరు మఱియొక కంప్యూటరుతో టెలిఫోను తీగ మీదుగా మాటలాడుటకు మోడెమ్ అను సాధనముండెడిది. అక్షరములను ధ్వనిగా మార్చి తీగపై పంపుటయు, ఆవల ఆ ధ్వనిని మఱల అక్షరములుగా మార్చుటయు దాని పని. ఆనాటి చవుక మోడెముల వేగము సెకనుకు సుమారు 30 అక్షరములు. తెరపై అక్షరములు చీమలబారువలె ప్రాకుచు వచ్చెడివి. నేటివారు చూచిన నవ్వుదురు. కాని ఆ చీమలబారే నేడు మీ మనుమడు దూరదేశము నుండి ముఖము చూపుచు మాటలాడు మహాప్రవాహమైనది. ఆ మార్పు ఒక్కనాట జరుగలేదు. ఏయే మెట్టు ఎప్పుడెక్కిరో వారము వారము ఆ కార్యక్రమమున కనబడును. 1984లో ఆపిల్ వారి మాకింటాషు యంత్రము 2,495 డాలర్ల వెలతో వచ్చి, ఆజ్ఞలను అక్షరములలో వ్రాయు పని తప్పించి, బొమ్మలను చూపి పని చేయించుట నేర్పెను. 1993లో షెఫే ఇంటర్నెట్టును గూర్చి యొక కార్యక్రమము చేసెను. ఆ సంవత్సరపు ఏప్రిల్ మాసముననే స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థవారు వరల్డ్ వైడ్ వెబ్బును ఎవరైనను వెల లేక వాడుకొనవచ్చునని ప్రకటించిరి. లోకమంతయు దానిలోనికి ప్రవేశింపక ముందే, “ఇది యేమి? దీనితో సామాన్యునకేమి ప్రయోజనము?” అను ప్రశ్న అచట వినబడెను. ఇంటర్నెట్టు కొఱకే వేఱుగా ‘నెట్ కఫే’ అను మఱియొక కార్యక్రమమును 1996లో ఆరంభించెను.

1984 నాటి కార్యక్రమమొకటి మన తెలుగువారు ప్రత్యేకముగా వినదగినది. ఆనాటి విషయము కృత్రిమ మేధ. యంత్రము ఆలోచింపగలదా అను చర్చ. అతిథులలో ఒకడు జాన్ మెకార్తీ. ‘కృత్రిమ మేధ’ అను అర్థము గల ఇంగ్లీషు పేరును 1955లో ఆ శాస్త్రమునకు పెట్టిన ఆచార్యుడాయనయే. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఈ మెకార్తీ వద్ద శిష్యరికము చేసి 1966లో పట్టము పొందినవాడు మన దబ్బల రాజగోపాల రెడ్డి. లోకము రాజ్ రెడ్డి యని పిలుచును. 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో చదివి, యంత్రమునకు మనుష్యుని పలుకు వినుట నేర్పు శాస్త్రమున పరిశ్రమించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొన్నాడు. కంప్యూటరు శాస్త్రమున దానికి మించిన గౌరవము లేదు. మీ సెల్ఫోను మీ మాట విని అక్షరములు వ్రాయుచున్నచో, ఆ విద్యకు పునాది వేసినవారిలో ఒక తెలుగు పల్లెవాడున్నాడని మీ పిల్లలకు చెప్పుడు. ఆయన పేరు మఱల నా ప్రసంగమున వచ్చును.

షెఫే పద్ధతిలో లోపము లేదా? ఉన్నది. దానిని దాచుట న్యాయము కాదు. కార్యక్రమపు ఆదిని సహాయము చేసినవారి పేర్లు చెప్పెడివారు. వారిలో కంప్యూటరు వ్యాపారముతో సంబంధము గలవారును ఉండిరి. వచ్చిన అతిథులు తమ సరకును తామే చూపువారు. షెఫే వారిని న్యాయస్థానమున సాక్షిని నిలదీసినట్లు నిలదీయలేదు. మృదువుగా అడిగి, సమాధానము వినెడివాడు. అందుచేత ఎంతో పొగడ్త పొందిన యంత్రములు కొన్ని రెండేండ్లకే పేరు లేకుండ పోయినవి. ఇంకను కఠినముగా అడుగవలసిన చోటులు ఉండెనని నేడు చూచువారికి తోచుట సహజమే.

కాని ఆ మృదుత్వము వలన ఒక లాభమును కలిగెను. బెదరినవాడు మాట దాచుకొనును. మర్యాద పొందినవాడు మనస్సులోని మాట చెప్పును. ఆ వక్తలు తమ ఆశలను, అంచనాలను, గొప్పలను ఏమియు దాచుకొనక పలికిరి. ఫలించినవియు, ఫలింపనివియు అన్నియు వారి నోటనే నిలిచియున్నవి. నేడు ఎవడైన వచ్చి, “ఈ క్రొత్త యంత్రము రేపటికి లోకమును స్వర్గము చేయును” అన్నచో, నలువది సంవత్సరముల క్రిందట అదే మాటను అంతే ధీమాతో అన్నవారిని మనము చూడవచ్చును. జోస్యము చెప్పినవాని ముఖము, చెప్పిన దినము, తప్పిన విధము, మూడును ఒకచోట దొరకుట అరుదు.

ఈ కార్యక్రమములు నాలుగువందలకు పైగా జరిగినవి. 2002లో అది ముగిసెను. తరువాత షెఫే నెవాడా రాష్ట్రమునందలి రీనో నగరపు విశ్వవిద్యాలయమున ప్రసార పత్రికారచనను బోధించెను. అడుగుట వృత్తిగా గలవాడు కడకు అడుగుట నేర్పువాడయ్యెను.

అయితే ఆయన చేసిన పనులలో నాకు మిక్కిలి గొప్పదిగా తోచునది కార్యక్రమము ముగిసిన పిమ్మట చేసినది. టెలివిజను టేపు తాటాకు వంటిది. దాచిపెట్టిన చాలదు, కాలము తీరకమునుపే క్రొత్త ప్రతి యెత్తవలెను. లేనిచో బూజు పట్టి, పొడి రాలి, లోనిది నశించును. మన తాళపత్రములు ఎన్ని చెదలపాలైనవో మనకెఱుకయే. బ్రౌనుదొర కడపలో పండితులను కూర్చుండబెట్టి ప్రతులు వ్రాయింపకున్న మనకు దక్కకపోవు గ్రంథములు కొన్ని కావు. అట్లే 1980 ప్రాంతపు టెలివిజను కార్యక్రమములెన్నియో టేపులు చెరిపివేయబడి, పారవేయబడి, మఱి లేకుండ పోయినవి.

షెఫే తన టేపులను అట్లు పోనీయలేదు. అమ్ముకొని ధనము చేసికొన చూడలేదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున బ్రూస్టర్ కేల్ అను నాయన 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ధర్మగ్రంథాలయమున్నది. షెఫే ఆ సంస్థకు సలహాదారుగా నుండి, తన కార్యక్రమములను దానిలో చేర్పించి, ఎవరైనను ఎప్పుడైనను వెల లేక చూచునట్లు చేసెను. నేడు ఏ దేశపు విద్యార్థియైనను ఇంటి కంప్యూటరు ఎట్లు పెరిగెనో వారము వారము చూడగోరినచో, ఆ తలుపు తెఱచియున్నది.

ఆ గ్రంథాలయముతో మనకును చుట్టఱికము కలదు. ఇందాక చెప్పిన రాజ్ రెడ్డిగారు, వెల లేక అందఱును చదువుకొనునట్లు పదిలక్షల గ్రంథములను కంప్యూటరులో ఎక్కింపవలెనను సంకల్పముతో 2001 ప్రాంతమున ఒక మహాప్రయత్నము ఆరంభించిరి. మన దేశమునందును ఆ పని జరిగినది. పాత గ్రంథాలయముల బీరువాలలో మూలుగుచున్న తెలుగు పుస్తకములను పుట పుటకు ఛాయాచిత్రము తీసి ఎక్కించిరి. వానిలో అనేకము నేడు ఆ ఇంటర్నెట్ ఆర్కైవ్ నందే దొరకుచున్నవి. షెఫేగారి టేపులును, మన తాతల నాటి ప్రబంధములు, శతకములు, వ్యాకరణములును ఒకే కప్పు క్రింద, ఒకే ధర్మమునకు లోబడి యున్నవి. మీ చిన్ననాట చదివి, పిమ్మట ఎక్కడను కానరాని పుస్తకమొకటి అచట మీ కొఱకు ఎదురుచూచుచుండవచ్చును. కావలసినది దాని పేరు చెప్పి అడుగుటయే.

అడుగుట యనగా మఱల మొదటికి వచ్చితిమి. పల్లెలలో నేడు జరుగుచున్నదేమి? బ్యాంకువారమని చెప్పి ఎవడో ఫోను చేయును. మీ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పుమనును. అడిగితిమేని తెలియనివారమని నవ్వునేమో యని వెఱచి, ఒక పెద్దమనిషి అంకెలు చెప్పివేయును. సాయంకాలమునకు జీవితకాలపు కూడబెట్టు పోవును. మఱియొక చోట ఎవడో తెరపై ఏదో చూపి, “ఇచట వ్రేలు పెట్టు” మనును. ఏమి వ్రాసియున్నదో చదివి వినిపింపుమని ఎవరును అడుగరు. పూర్వము దస్తావేజు వ్రాసినచో కరణము దానిని ఆసాంతము చదివి వినిపింపక మన పెద్దలు నిశానీ వేయుదురా? కాగితము విషయమున ఉన్న ఆ జాగ్రత్త తెర విషయమున ఎందులకు పోవలెను?

షెఫే సంభాషణముల సారమును నేను నాలుగు ప్రశ్నలుగా కూర్చుకొంటిని, మాటలు నావి. ఇది యేమి చేయును? దీనివలన ఎవరికి లాభము? దీని వెల యెంత, ఆ వెల ఏ రూపమున పుచ్చుకొందురు? ఇది చేయలేనిదేమి? ఏ క్రొత్త యంత్రము మీ గడపకు వచ్చినను, ఏ క్రొత్త మాట మీ ఫోనులో వినబడినను, ఈ నాలుగింటిని అడుగుడు. సమాధానము మీకు తెలియు తెలుగులో రావలెను. రాకున్న, అర్థము కాలేదని చెప్పి మఱల అడుగుడు. హార్వర్డులో న్యాయశాస్త్రము చదివినవాడు పదిమంది యెదుట ఇరువదియేండ్లు అట్లు అడుగగా లేనిది, మన యింటి అరుగుమీద మన మనుమని అడుగుటకు మనకు సిగ్గేమి?

మనుమనికిని అది మంచిది. చెప్పబోయినప్పుడే తనకెంత తెలియునో వానికి తెలియును. సూతుడు సూతుడైనది శౌనకుడు ఎదుట కూర్చున్నందువలననే.